ఇంగ్లీష్ వచ్చు సరే, కాగితమేదీ?

పోయిన సంచికలో కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) గురించి నాలుగు ముక్కలు రాసిన పుణ్యానికి ఉత్తరాలు కుప్పపడ్డాయి. ఎక్కువమంది అడిగింది ఇంగ్లీష్ పరీక్ష గురించే, అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కెనడా ప్రశ్నలే ఎక్కువ, బ్రిటన్, ఆస్ట్రేలియావి కూడా కొన్ని తీసుకున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు. ఈ రూల్స్ తరచూ మారతాయి, ఫీజు కట్టే రోజు ఆ దేశపు ప్రభుత్వ సైట్ ఒకసారి తెరిచి చూసుకోండి, పక్కింటి అబ్బాయి మూడేళ్ల కింద ఎలా వెళ్లాడో అడిగి ఊరుకోకండి.

ప్రశ్న: ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇంగ్లీష్ మీడియమే. రోజూ రాత్రిపూట అమెరికా క్లయింట్‌తో కాల్స్ మాట్లాడే ఉద్యోగం. కాలేజీ నుంచి మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ లెటర్ తెచ్చుకుంటే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (పాయింట్లు లెక్కేసి, ఎక్కువ వచ్చినవాళ్లను డ్రాలు వేసి పీఆర్‌కి పిలిచే పద్ధతి) సరిపోదా? పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పరీక్షలేంటండీ?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: సరిపోదండీ. మీకే కాదు, లండన్‌లో పుట్టి పెరిగినవాడు అప్లై చేసినా పరీక్ష రాయాల్సిందే, కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఇందులో ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. కాలేజీ లెటర్ యూనివర్సిటీ అడ్మిషన్లకు పనికొస్తుంది, బ్రిటన్ వీసాకి ఇంకో దారిలో పనికొస్తుంది (కింద చెప్తాను), ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మాత్రం దానికి విలువ లేదు. ఎందుకంటే అక్కడ మీకు ఇంగ్లీష్ వచ్చా రాదా అని అడగడం లేదు. ఎంత వచ్చు, దానికి ఎన్ని పాయింట్లు ఇవ్వాలి అని అడుగుతున్నారు, ఆ సంగతి లెటర్ చెప్పలేదు కదా.

ఇంగ్లీష్‌కి వాళ్లు ఒప్పుకునే పరీక్షలు ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, 2024 జనవరి 30 నుంచి పీటీఈ కోర్. సెంటర్‌కి వెళ్లి రాసినవే చెల్లుతాయి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసినవి చెల్లవు, డ్యుయోలింగో అసలే చెల్లదు. ఒక్కో పరీక్షకు ఒక్కో మార్కుల పద్ధతి కాబట్టి అన్నింటినీ సీఎల్‌బీ అనే ఒకే కొలతలోకి మారుస్తారు. మన దగ్గర అనుభవంతో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే విభాగం కింద వెళ్లేవాళ్లకు వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కనీసం సీఎల్‌బీ 7 ఉండాలి. ఐఈఎల్‌టీఎస్‌లో అయితే నాలుగింటిలోనూ 6 అన్నమాట. అది గేటు లోపలికి రావడానికి మాత్రమే. సీటు దొరకడం వేరే సంగతి, అది తర్వాతి ఉత్తరంలో వస్తుంది.

ఇంకోటి, క్లయింట్ కాల్స్ ధైర్యంతో ప్రాక్టీస్ లేకుండా వెళ్లకండి. కాల్స్‌లో మీరు మాట్లాడేది ఒకే పని గురించి, ఆ రెండు వందల మాటలే తిప్పి తిప్పి వాడతాం. పరీక్షలో మీ ఊళ్లో మీకు నచ్చిన పాత కట్టడం గురించి రెండు నిమిషాలు మాట్లాడమంటారు, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తారు. అక్కడ ఆగిపోయే సాఫ్ట్‌వేర్ వాళ్లు కోకొల్లలు.

ప్రశ్న: ఎమ్మెస్ కోసం ఏడాది కింద రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ స్కోరు ఉంది. ఓవరాల్ 7.5. లిజనింగ్ 7.5, రీడింగ్ 8, రైటింగ్ 7, స్పీకింగ్ 7. మా కన్సల్టెంట్ సూపర్ స్కోరు అన్నాడు. దీన్నే కెనడాకి వాడొచ్చా?
(గుంటూరు)

జవాబు: సూపర్ స్కోరే, కానీ రెండు చోట్ల తేడా కొడుతోంది. మొదటిది చిన్నది: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి అకడమిక్ కుదరదు, జనరల్ ట్రైనింగే రాయాలి. కన్సల్టెంట్ ఈ మాట కూడా చెప్పకపోతే ఆయన ఫీజు గురించి ఒకసారి ఆలోచించండి.

రెండోది అసలు సంగతి. కెనడాలో ఓవరాల్ అనే మాటే లేదు, నాలుగూ విడివిడిగా చూస్తారు. సీఎల్‌బీ 9 రావాలంటే రీడింగ్, రైటింగ్, స్పీకింగ్‌లలో 7 చాలు, లిజనింగ్‌లో మాత్రం 8 కావాలి. ఇప్పుడు మీరు జనరల్ రాసి సరిగ్గా ఇవే మార్కులు తెచ్చుకున్నారనుకోండి. మూడింటిలో సీఎల్‌బీ 9 లేదా పైన, లిజనింగ్‌లో 8. అర బ్యాండే కదా అనిపిస్తుంది. పెళ్లికాని మనిషికి, మాస్టర్స్ ఉండి, మూడేళ్లకు పైన విదేశీ అనుభవం (అంటే మన దగ్గర చేసిన ఉద్యోగమే, కెనడా లెక్కలో మనది విదేశం) ఉంటే లెక్క ఇలా తిరుగుతుంది: లిజనింగ్‌లో సీఎల్‌బీ 9 అయితే 31 పాయింట్లు, 8 అయితే 23, ఇక్కడ పోయింది 8. అక్కడితో ఆగితే బాగుండేది. చదువునూ ఇంగ్లీష్‌నూ కలిపి మాస్టర్స్‌కి ఇచ్చే 50 పాయింట్లు నాలుగింటిలోనూ సీఎల్‌బీ 9 ఉంటేనే, ఒక్కదాంట్లో తగ్గినా 25. అనుభవాన్నీ ఇంగ్లీష్‌నూ కలిపి ఇచ్చే 50 కూడా అంతే, 25 అయిపోతుంది. మొత్తం 58 పాయింట్లు. ఒక్క అర బ్యాండ్‌కి. ఒక్కో పాయింటు కోసం జనం ఏళ్ల తరబడి పూల్‌లో (పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో) కూర్చుంటుంటే ఇక్కడ 58 పాయింట్లు ఇయర్‌ఫోన్స్‌లోంచి జారిపోతున్నాయి.

అందుకే మన వాళ్లు రైటింగ్ కోచింగ్‌కి వేలు పోసి లిజనింగ్‌ని "వినడమే కదా" అని వదిలేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, 8 బ్యాండ్‌కి 35 దాకా కరెక్ట్ కావాలి, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. పోయేది ఎక్కడంటే పెద్ద ఉపన్యాసంలో కాదు, మొదటి భాగంలో. ఎవరో ఇల్లు అద్దెకు అడుగుతూ ఫోన్ చేస్తారు, వీధి పేరు స్పెల్లింగ్ చెప్తారు, ఫోన్ నంబర్‌లో "డబుల్ సెవెన్" అంటారు, మంగళవారం అని చెప్పి మరుక్షణం "కాదు కాదు, గురువారం" అని సర్దుకుంటారు. మనం మంగళవారం రాసేసి ముందుకెళ్లిపోయి ఉంటాం. బహువచనంలో చివరి "ఎస్" వదిలేస్తే తప్పు, రెండు మాటలకు మించొద్దంటే మూడు రాస్తే తప్పు. ఇవి ఇంగ్లీష్ రాక పోయే మార్కులు కావు, ఏమరుపాటున పోయేవి. రోజూ ఒక టెస్ట్ చేసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్న దగ్గర ఆడియో వెనక్కి తిప్పి ఎందుకు పోయిందో చూసుకుంటే నెలలోపే తేడా తెలుస్తుంది.

జనరల్‌లో రీడింగ్ ఈజీ అని కూడా అంటారు, పాసేజీలు తేలికే, కాకపోతే కొలబద్ద గట్టిది. జనరల్ రీడింగ్‌లో 7 రావాలంటే 40కి 34 దాకా కావాలి, అకడమిక్‌లో 30 దగ్గరే 7 వచ్చేస్తుంది. తక్కువ వచ్చిన ఒక్క విభాగం మళ్లీ రాసుకునే సౌకర్యం ఐఈఎల్‌టీఎస్‌లో ఉంది, ఆస్ట్రేలియా దాన్ని ఒప్పుకుంటుంది, కెనడా ఒప్పుకోదు. నాలుగూ ఒకే సిట్టింగ్‌లో రావాలి.

ప్రశ్న: పాస్‌పోర్ట్‌లో నాకు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, ఇంటిపేరూ నా పేరూ కలిపి గివెన్ నేమ్‌లోనే పడింది. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరమే. పరీక్షకు ఏ పేరుతో బుక్ చేసుకోవాలి?
(హన్మకొండ)

జవాబు: తెలుగువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చే సమస్య. రూలు ఒక్కటే, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. టెన్త్ మెమో, ఆధార్, ఆఫీస్ ఐడీ ఏం చెప్పినా పట్టించుకోకండి, పరీక్ష రోజు గేటు దగ్గర చూసేది పాస్‌పోర్టే, బుకింగ్‌లో రాసిన నంబరూ పేరూ దానితో కలవకపోతే లోపలికి పంపరు, ఫీజు గోవిందా. బుకింగ్ ఫారం సర్‌నేమ్ ఖాళీగా వదలనివ్వకపోతే మీ ఇష్టమొచ్చినట్టు విడగొట్టకండి, సెంటర్‌కి ఫోన్ చేసి వాళ్లెలా నింపమంటే అలా నింపి, ఆ మాట మెయిల్‌లో కూడా రాయించుకోండి. కెనడా ఫారంలో మాత్రం స్పష్టంగా ఉంది: సర్‌నేమ్ లేనివాళ్లు పేరు మొత్తం ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి గివెన్ నేమ్ ఖాళీగా వదలాలి. చదువు సర్టిఫికెట్లలో తేడాకి ఒక అఫిడవిట్, ఒక వివరణ లెటర్ జతచేస్తే సాధారణంగా సరిపోతుంది.

పాస్‌పోర్ట్‌లో పేరు సరిచేయించుకునే ఉద్దేశం ఉంటే పరీక్షకు ముందే చేయించుకోండి. పరీక్ష అయ్యాక పాస్‌పోర్ట్ మారితే పాతదాని కాపీ పారేయొద్దు.

ప్రశ్న: మా ఆవిడ టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ. మాట్లాడడానికి మొహమాటం. నేను మెయిన్ అప్లికెంట్‌ని. ఆమె కూడా పరీక్ష రాయాలా? రాయకపోతే ఫైల్ రిజెక్ట్ అవుతుందని ఒకాయన భయపెట్టాడు.
(శ్రీకాకుళం జిల్లా)

జవాబు: కెనడాకి అయితే రాయక్కర్లేదు, రాయలేదని రిజెక్ట్ చేయరు. రాస్తే పాయింట్లు వస్తాయి, అంతే. ఒక్కో విభాగానికి సీఎల్‌బీ 5 లేదా 6 వస్తే 1, 7 లేదా 8 అయితే 3, 9 లేదా పైన అయితే 5, అంటే ఎంత బాగా రాసినా మొత్తం 20. మీ స్కోరు కటాఫ్ దగ్గర ఊగిసలాడుతుంటే ఆ పన్నెండో పదిహేనో పాయింట్లు బంగారం. లేదంటే ఆమెను పరీక్ష టెన్షన్‌లో పెట్టకండి.

మీరు ఆస్ట్రేలియా కూడా చూస్తున్నామని రాశారు, అక్కడ కథ మారుతుంది. భార్యకు కనీసం ఫంక్షనల్ ఇంగ్లీష్ (రోజువారీ పనులకు సరిపడా) ఉన్నట్టు చూపించకపోతే వీసాకి ముందు అదనపు ఫీజు కట్టమంటారు, అది దాదాపు 5 వేల ఆస్ట్రేలియా డాలర్లు. చాలామంది ఇది తెలియక ఆఖర్లో గుండెలు బాదుకుంటారు. అయితే మీ ఆవిడకు పరీక్ష అవసరం లేకపోవచ్చు: కనీసం రెండేళ్లు ఫుల్‌టైమ్ చదవాల్సిన డిగ్రీ మొత్తం ఇంగ్లీష్‌లో చదివుంటే ఆ మేరకు కాలేజీ ఇచ్చే లెటర్‌నే ఒప్పుకుంటారు. బీఎస్సీ ఇంగ్లీష్ మీడియం అయితే టెన్త్ తెలుగు మీడియమైనా ఇబ్బంది లేదు. లెటర్‌హెడ్ మీద, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, బోధన అంతా ఇంగ్లీష్‌లోనే అన్న వాక్యం ఉండేలా, స్టాంపు సంతకాలతో తెప్పించండి. మన కాలేజీ ఆఫీసుల్లో ఈ లెటర్ చేతికి రావడానికి ఎన్నిసార్లు తిరగాలో మీకు చెప్పక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టండి. ఆమె ఇష్టపడి పరీక్ష రాసి నాలుగింటిలోనూ 6 తెచ్చుకుంటే మీకు 5 పాయింట్లు కూడా కలుస్తాయి.

ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మెయిన్ అప్లికెంట్ మగాడే కావాలని ఏ దేశమూ అనలేదు. ఇది మీ ఒక్కరికే కాదు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లన్నింటికీ: ఇద్దరూ పరీక్ష రాయండి, ఎవరి పేరు మీద ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ల పేరు మీద వేయండి. కెనడాలో ఇద్దరికీ అర్హత ఉంటే ఇద్దరూ చెరో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు కూడా. "కోడలి పేరు మీద వెళ్తావా" అనే పెద్దవాళ్లకు పీఆర్ కార్డు మీద ఆ సంగతి రాయరని చెప్పండి.

ప్రశ్న: విజయవాడలో స్టాఫ్ నర్స్‌ని. బ్రిటన్ వెళ్లాలని ఓఈటీ (వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాశాను, లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ బీ గ్రేడ్, రైటింగ్ సీ ప్లస్. ఏజెంట్ ఇప్పుడు వీసా కోసం ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ (బ్రిటన్ వీసాల కోసం విడిగా పెట్టే ఐఈఎల్‌టీఎస్) మళ్లీ రాయమంటున్నాడు. నిజమేనా?
(విజయవాడ)

జవాబు: అక్కర్లేదమ్మా. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్, అంటే ఎన్ఎంసీ, ఓఈటీలో అడిగేది సరిగ్గా మీకు వచ్చినవే: మూడింటిలో బీ, రైటింగ్‌లో సీ ప్లస్. రిజిస్ట్రేషన్ కోసం ఎన్ఎంసీ ఒప్పుకున్న ఇంగ్లీష్ పరీక్షను వీసా అధికారులు కూడా ఒప్పుకుంటారు, డాక్టర్లు, డెంటిస్టులు, మిడ్‌వైఫ్‌లు, వెటర్నరీ డాక్టర్లకు కూడా ఇలాంటి వెసులుబాటే ఉంది. మీ ఏజెంట్‌కి రూలు తెలియదో, ఆ కోచింగ్ సెంటర్ తన బావమరిదిదో. ఈ ఉత్తరం చదివే మిగతా నర్సులకు: ఒక్క విభాగంలో తప్పితే కుంగిపోవద్దు, మరీ కిందికి పడిపోకుండా ఉంటే 12 నెలల లోపు రాసిన రెండు సిట్టింగ్‌ల స్కోర్లు కలుపుకోవడానికి ఎన్ఎంసీ ఒప్పుకుంటుంది.

పనిలో పనిగా, "కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తాం, ఇంగ్లీష్ కూడా మేమే చూసుకుంటాం" అనేవాళ్లు ఇంకా తిరుగుతున్నారని ఇద్దరు ముగ్గురు రాశారు. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం బ్రిటన్ 2025 జూలై 22 నుంచే ఆపేసింది. డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: లండన్ కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. నా బీటెక్ జేఎన్‌టీయూ. పరీక్ష రాయాలా, డిగ్రీ చూపిస్తే చాలా? స్నేహితుడు ఐఈఎల్‌టీఎస్ నాలుగింటిలో 4 చాలన్నాడు.
(బెంగళూరులో ఉంటున్న కర్నూలు వాసి)

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది పాత మాట. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఇంతకుముందు బీ1 స్థాయి (యూరప్ భాషా కొలతలో మధ్య మెట్టు) చాలు, 2026 జనవరి 8 నుంచి కొత్తగా అప్లై చేసేవాళ్లకు దాని పై మెట్టు బీ2 చేశారు. ఐఈఎల్‌టీఎస్‌లో అయితే నాలుగింటిలోనూ 5.5. అంతకుముందే ఈ వీసా మీద అక్కడ ఉంటూ రెన్యూ చేసుకునేవాళ్లను దీనితో కదపరు.

డిగ్రీ దారి ఉంది, అది మీకు మంచిదే. ఇండియాని బ్రిటన్ ఇంగ్లీష్ మాట్లాడే దేశాల జాబితాలో పెట్టలేదు, కాబట్టి జేఎన్‌టీయూ పట్టా తీసుకెళ్లి ఊరికే చూపిస్తే కుదరదు. ఎక్టిస్ అనే సంస్థకు (పాతవాళ్లకు నారిక్ అంటే తెలుస్తుంది) డిగ్రీ, మార్కుల మెమోలు, బోధన ఇంగ్లీష్‌లో జరిగిందని యూనివర్సిటీ లెటర్ పంపి ఫీజు కడితే, మీ పట్టా బ్రిటన్ డిగ్రీకి సమానమనీ ఇంగ్లీష్‌లోనే చదివారనీ వాళ్లు ధ్రువీకరిస్తారు, ఆ రిఫరెన్స్ నంబర్ వీసా ఫారంలో వేస్తారు. పరీక్ష ఫలితం రెండేళ్లకు చస్తుంది, డిగ్రీ చావదు. కాకపోతే ఆఫర్‌లో జాయినింగ్ తేదీ దగ్గరపడి, యూనివర్సిటీ లెటర్‌కి నెలలు పట్టేలా ఉంటే పరీక్షే త్వరగా తేలుతుంది. పరీక్షే అనుకుంటే బుకింగ్‌లో "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ" అన్నదే ఎంచుకోండి, పేపర్ అదే అయినా మామూలు ఐఈఎల్‌టీఎస్ ఈ వీసాకి చెల్లదు. ఇక్కడ తప్పు నొక్కి మళ్లీ ఫీజు కట్టుకున్నవాళ్లు ఏటా కనిపిస్తారు.

బ్రిటన్‌లోనే మాస్టర్స్ చేసినవాళ్లకు ఈ గొడవేదీ లేదు, ఆ డిగ్రీ చాలు.

ప్రశ్న: నాది చిత్తూరు యాస. ఇంగ్లీష్ మాట్లాడినా ఆ వాసన పోదు. స్పీకింగ్‌లో మార్కులు కోస్తారా? అమెరికన్ యాక్సెంట్ నేర్పిస్తామనే క్లాసులో చేరమంటారా?
(తిరుపతి)

జవాబు: చేరకండి, ఆ డబ్బుతో పీలేరులో బిర్యానీ తినండి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు చూస్తారు: తడబడకుండా పొందికగా మాట్లాడుతున్నారా, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన వాటా. ఉచ్చారణలో కూడా చూసేది ఎదుటివాడికి కష్టపడకుండా అర్థమవుతోందా అనే, ఏ ఊరి యాస అని కాదు. అరువు తెచ్చుకున్న యాక్సెంట్ మూడో వాక్యంలో జారిపోయి, అటూ ఇటూ కాకుండా పోతుంది.

మనవాళ్లు దిద్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి మాట చివరా అచ్చు తగిలించడం, "వర్కు", "టెస్టు" అని. "జూ"కి, "జీరో"కి కావాల్సిన ఇంగ్లీష్ "జెడ్" ధ్వని పలకకపోవడం. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్". ప్రతి వాక్యం తోకకు "ఓన్లీ". అన్నిటికన్నా పెద్దది వేగం, భయంతో గుక్క తిప్పుకోకుండా పరిగెత్తిస్తారు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, సిగ్గేసినా సరే పూర్తిగా వినండి. బట్టీ కొట్టిన జవాబులు మాత్రం వద్దు, ఎగ్జామినర్లు రోజంతా అవే వింటుంటారు, ఇట్టే పసిగడతారు.

మనిషి ముందు కూర్చుంటే నోరు పెగలనివాళ్లకు పీటీఈ నయం, అక్కడ కంప్యూటర్‌తో మాట్లాడాలి. కానీ ఆ హాల్లో చుట్టూ అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడుతుంటారు, దానికి తట్టుకోవాలి. కెనడాకైతే పీటీఈ కోర్, అకడమిక్ కాదు. అందులో సీఎల్‌బీ 9కి రైటింగ్‌లో 90కి 88 కావాలి, "పీటీఈ ఈజీ" అనేవాళ్లు ఈ అంకె చెప్పరు.

ప్రశ్న: 2024 జూన్ 15న ఐఈఎల్‌టీఎస్ రాశాను. 2026 మే 20న కెనడా పీఆర్‌కి అప్లై చేయమని ఇన్విటేషన్ వచ్చింది. అప్లై చేయడానికి 60 రోజులు ఇచ్చారు కదా, అంటే జూలై 19 దాకా టైముందా?
(దుబాయ్)

జవాబు: లేదు! వెంటనే కదలండి. మీకు జూన్ 14 దాకానే ఉందనుకోండి. పీఆర్ అప్లికేషన్ సబ్మిట్ చేసే రోజుకి పరీక్ష ఫలితం రెండేళ్లు దాటి ఉండకూడదు, పరీక్ష రాసిన తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం. 60 రోజులు ఇచ్చినా మీ స్కోరు ముందే చచ్చిపోతుంది. యూఏఈ పోలీస్ క్లియరెన్స్, ఇండియాది, అనుభవ లెటర్లు, బ్యాంక్ లెటర్ అన్నీ ఈ మూడు వారాల్లో కుదరాలి. మెడికల్ కూడా 2025 ఆగస్టు 21 నుంచి అప్లికేషన్‌తో పాటే పెట్టాలి, ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

కుదరదనిపిస్తే గడువు లోపల కొత్త పరీక్ష రాయొచ్చు, కానీ కొత్త స్కోరుతో పాయింట్లు తగ్గి ఆ డ్రా కటాఫ్ కిందికి పోతే అప్లై చేసి ఫీజు పోగొట్టుకోవద్దు. ఇన్విటేషన్ వద్దనేసి మళ్లీ పూల్‌లోకి వెళ్లడమే. పూల్‌లో ఉన్న మిగతావాళ్లు స్కోరుకి ఏడాదిన్నర నిండగానే కొత్త పరీక్ష బుక్ చేసుకోండి.

ప్రశ్న: రెండు లక్షలిస్తే సీఎల్‌బీ 9 స్కోరు కార్డు ఇప్పిస్తామంటున్నారు, పరీక్షకు వెళ్లక్కర్లేదట. రిస్కేనా?
(కరీంనగర్)

జవాబు: రిస్కు కాదు, నేరం. స్కోరు కార్డు మీద నంబర్ ఉంటుంది, దానితో అధికారులు నేరుగా పరీక్ష సంస్థ రికార్డుల్లోనే చూసుకుంటారు, కాగితం ఎంత అందంగా ప్రింట్ చేసినా అక్కడ మీ పేరు ఉండదు. దొరికితే తప్పుడు సమాచారం కింద కెనడా 5 ఏళ్లు నిషేధిస్తుంది, ఆ మచ్చ మిగతా దేశాల ఫారాల్లోనూ రాయాలి. రెండు లక్షలకు ఐఈఎల్‌టీఎస్ ఎన్నిసార్లు రాయొచ్చో లెక్కేయండి.

ప్రశ్న: వయసు 36, స్కోరు 440 దగ్గర ఆగిపోయింది. ఇంగ్లీష్ ఇంక పెరగదు. ఫ్రెంచ్ నేర్చుకుంటే లాభమంటున్నారు, ఉత్తదేనా?
(నిజామాబాద్)

జవాబు: ఉత్తది కాదు, కానీ ఆర్నెల్లలో అయిపోయేది కూడా కాదు. ఫ్రెంచ్ నాలుగు విభాగాల్లోనూ స్థాయి 7 (సీఎల్‌బీ లాంటి ఫ్రెంచ్ కొలతలో) వచ్చి, ఇంగ్లీష్ సీఎల్‌బీ 5 లేదా పైన ఉంటే అదనంగా 50 పాయింట్లు, రెండో భాష కింద విభాగానికి 3 చొప్పున ఇంకో 12. అంటే మీ 440 ఒక్కసారిగా 500 దాటుతుంది. అంతకన్నా ముఖ్యం, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు వేస్తారు. 2025 మార్చి 21న వేసిన ఫ్రెంచ్ డ్రాలో కటాఫ్ 379 మాత్రమే. అదే ఏడాది కెనడా అనుభవం ఉన్నవాళ్ల డ్రాలు 500 పైనే నడిచాయి. ఆ లెక్కన మీరు ఎక్కడ నిలబడతారో చూడండి.

ఇక కష్టం. పరీక్షలు టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా. స్థాయి 7 అంటే దాదాపు బీ2, వార్తలు విని అర్థం చేసుకుని, ఒక విషయం మీద వాదించి, వ్యాసం రాయగలగాలి. బొంజూర్ దగ్గర మొదలుపెట్టే మనకు ఉద్యోగం చేసుకుంటూ రోజూ రెండు గంటలు పెట్టినా ఏడాదిన్నరకు తక్కువ పట్టదని నా అంచనా. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఒక లెవెల్ చేసి చూడండి, మొదటి లెవెల్‌కే విసుగొస్తే అక్కడే ఆపేయండి. ఈలోపు వయసు పాయింట్లు ఏటా తగ్గుతుంటాయి, ఆ కోత కూడా కలిపి లెక్కేసుకోండి. ఫ్రెంచ్ వచ్చేలోపు ఇంగ్లీష్ స్కోరు గడువు తీరిపోకుండా చూసుకోండి, రెండూ ఒకే సమయంలో బతికుండాలి.

ప్రశ్న: నాకు 46. ఇంగ్లీష్ పరీక్షకు వయసు మినహాయింపు ఏమైనా ఉందా?
(రాజమండ్రి)

జవాబు: కెనడా పీఆర్‌కి లేదు. అక్కడికెళ్లాక పౌరసత్వం కోసం భాష రుజువు అడిగేది 18 నుంచి 54 ఏళ్ల వాళ్లనే, 55 నిండాక అడగరు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మాత్రం 45 నిండితే వయసుకి వచ్చే పాయింట్లు సున్నా, కాబట్టి మీకు ఇంగ్లీషే ఆధారం. ముందు ఆ అకడమిక్ పుస్తకాలు పక్కన పెట్టి జనరల్ ట్రైనింగ్‌వి కొనండి, మీరు పంపిన ఫొటోలో ఉన్నవి తప్పు పుస్తకాలు.